నెలన్నర పసివాడి మెడలో గట్టి గడ్డ: సూది పరీక్ష నిజంగా అవసరమా?

పటమట_సుధ
మా బాబుకు ఇప్పుడు నెలన్నర వయసు. మూడు వారాలు నిండిన రోజుల్లో నూనె రాస్తుండగా మెడ కుడివైపున, చెవి వెనుక నుంచి రొమ్ము ఎముక వరకు దిగే కండరం మధ్యలో ఒక గట్టి గడ్డ చేతికి తగిలింది. అప్పటికంటే ఇప్పుడు కాస్త పెరిగి ఖర్జూరపు పండంత అయింది. నొక్కితే ఏడవడు, జ్వరం లేదు, పాలు బాగానే తాగుతున్నాడు. తల మాత్రం ఎప్పుడూ కుడి భుజం మీదికి వాల్చి, గడ్డాన్ని ఎడమవైపుకు తిప్పి పడుకుంటాడు. ఎదురుకాళ్లతో ఉన్నందువల్ల ఆపరేషన్ చేసి తీశారు.

మొదట చూసిన వైద్యుడు ఇది కండరపు గడ్డేనని, కంగారు పడనవసరం లేదని చెప్పారు. ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరక మరొక చోట చూపిస్తే, సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే పరీక్ష, ఆ తరువాత సీటీ స్కాన్ చేయించమని రాసిచ్చారు. నీళ్లు పోసే ఆవిడ మెడ గట్టిగా తిప్పడం వల్లనే ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. ఏమి చూసి ఇది కండరపు గడ్డ అని నిర్ధారిస్తారో, సూది దాకా వెళ్లవలసిన అవసరం ఎప్పుడు వస్తుందో తెలిసినవారు చెప్పగలరా?

కృష్ణలంక_రవి
అల్ట్రాసౌండ్ సంగతి మీరు రాయలేదు. చేయించారా?

పటమట_సుధ
లేదు. మొదటి చోట చేత్తో చూసి చెప్పారు, రెండో చోట నేరుగా సూది, సీటీ అన్నారు.

కృష్ణలంక_రవి
అయితే మధ్యలో ఉండవలసిన మెట్టును ఇద్దరూ వదిలేశారు. ముందు అది చేయించి, ఆ కాగితం చేతికి వచ్చాకే మిగతా విషయం ఆలోచించండి.

గుంటూరు_పిల్లల_వైద్యం
సుధ గారు రాసిన వర్ణన చదివితే, బిడ్డను చూడకుండా నిర్ధారణ చేయకూడదన్న నియమాన్ని పాటిస్తూనే, దాదాపు ప్రతి వాక్యమూ ఒకే దిక్కుకు చూపిస్తోందని చెప్పవచ్చు. ఫైబ్రోమటోసిస్ కొలై అని, స్టెర్నోమాస్టాయిడ్ ట్యూమర్ అని పిలిచే, క్యాన్సరు కాని ఈ కండరపు గడ్డ పుట్టిన రోజున సాధారణంగా కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య బయటపడుతుంది, మరికొన్ని వారాలు పెరుగుతుంది, కొంతకాలం అలాగే ఉండి, ఆ తరువాత నెలల మీద కరుగుతుంది. చాలామందిలో ఏడాది నిండేలోపు చేతికి తగలకుండా పోతుంది. కుడివైపు కొంచెం ఎక్కువగా, తొలిచూలు బిడ్డల్లోనూ, ఎదురుకాళ్లతో ఉన్నవారిలోనూ, పట్టుకారు వేసి తీసిన కాన్పుల్లోనూ ఎక్కువగా చూస్తాము.

చేత్తో చూసేటప్పుడు మేము గమనించేది ఏమిటంటే, గడ్డ ఆ కండరపు పొడవు వెంట, రెండు కొసలూ సన్నగా ఉందా, కండరంతోపాటే పక్కలకు కదులుతుందా, పైన చర్మం మామూలుగా ఉందా అన్నవి. తల గడ్డ ఉన్న వైపుకు వాలి, గడ్డం దానికి ఎదురు వైపుకు తిరిగి ఉండటం ఇందులో పెద్ద ఆధారం, ఎందుకంటే ఆ కండరం కురచబడినప్పుడు తల అలాగే తిరుగుతుంది. మీరు చెప్పిన కుడి వాలు, ఎడమ చూపు దానికి సరిపోతున్నాయి.

అయినా అల్ట్రాసౌండ్ చేయించమనే నేనూ అంటాను. చేతికి అనుమానం ఉండి కాదు, రేపు బంధువుల్లో మరొకరు మరొక చోటికి తీసుకువెళ్లమన్నప్పుడు చూపించడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

బ్రాడీపేట_బాబాయ్
పైన డాక్టరు గారు చెప్పినదాన్ని కాదనను గాని, సూది ఒకసారి పెడితే తేలిపోయేదానికి ఇంత చర్చ ఎందుకన్నది నా సందేహం. మా మేనల్లుడి బిడ్డకు ఎడమ చంకలోనూ, ఎడమ కాలర్ ఎముక పైనా గడ్డలు వస్తే, సూదితోనే అది బీసీజీ టీకా వల్ల వచ్చిన గ్రంథుల వాపు అని తేల్చారు. ఆ రోజు నుంచి ఇల్లంతా ప్రశాంతంగా నిద్రపోయింది, బిడ్డ తప్ప.

గుంటూరు_పిల్లల_వైద్యం
బాబాయ్ గారూ, మీరు చెప్పినది వేరే రకం గడ్డ. బీసీజీ మన దగ్గర ఎడమ భుజానికి వేస్తారు కాబట్టి, దానివల్ల వచ్చే వాపు ఎడమ చంకలో, కొందరిలో ఎడమ కాలర్ ఎముక పైన కనిపిస్తుంది. అది శోషరస గ్రంథి (లింఫ్ గ్రంథి), కండరంలో భాగం కాదు, తల వాల్చదు కూడా. ఒక గడ్డకు పనికివచ్చిన పరీక్ష మరొక గడ్డకూ మొదటి పరీక్ష కావాలని లేదు.

భవానీపురం_అమ్మమ్మ
మా కాలంలో ఇటువంటివి నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, కిందికి గట్టిగా దిగతీస్తే పోయేవి. నా చేతుల మీదుగానే ముగ్గురు పిల్లలకు పోయింది. స్కాన్లు లేని రోజుల్లో పిల్లలు పెరగలేదా?

తెనాలి_ఫిజియో
అమ్మా, పోయిన మాట నిజమే కావచ్చు, కాని నూనె లేకపోయినా ఎక్కువమందిలో గడ్డ పోయేదే. నూనె రాయడం వల్ల నష్టమేమీ లేదు, గడ్డను గట్టిగా నలిపి దిగతీయడం మాత్రం వద్దని ప్రతి తల్లికీ చెబుతాము. పసరు కట్టి చర్మం పొక్కించుకుని వచ్చిన పసివాళ్లను చూశాను. వాళ్లకు మెడ వ్యాయామం మొదలుపెట్టడానికి ముందు ఆ పుండు మానేదాకా ఆగవలసి వచ్చింది.

భవానీపురం_అమ్మమ్మ
పసరు సంగతి నేను అనలేదు నాయనా. నూనె వరకే నా మాట.

స్కాన్_గది
గుంటూరు కొత్తపేటలో రేడియాలజీ చేస్తున్నాను. సుధ గారు అడిగిన "ఏమి చూసి చెబుతారు" అన్న ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు ఇది.

పసివాళ్ల మెడకు హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్, అంటే చర్మానికి దగ్గరగా ఉన్నవాటిని స్పష్టంగా చూపే అల్ట్రాసౌండ్ పరికరం వాడతాము. భుజాల కింద చిన్న తువ్వాలు చుట్టి పెట్టి, తల కొద్దిగా వెనక్కి వాలేటట్టు పడుకోబెడతాము. పాలు తాగి మగతగా ఉన్న బిడ్డ అయితే పని సులువు, ఆకలితో వచ్చిన బిడ్డ అయితే ప్రోబ్ పట్టిన చేతికి ఓపిక కావాలి. మొదట చూసేది బాగున్న వైపు కండరాన్ని. దాని మందం, లోపలి సన్నని గీతల వరుస చూసుకున్నాక గడ్డ ఉన్న వైపుకు వస్తాము. ఈ జబ్బులో కండరమే ఒక చోట కదురు ఆకారంలో ఉబ్బి ఉంటుంది. ఉబ్బు పైకీ కిందికీ సన్నబడుతూ మామూలు కండరంలో కలిసిపోవడం తెర మీద కనిపించాలి. గడ్డ లోపలి రంగు మామూలు కండరం కంటే తెల్లగా ఉండవచ్చు, నల్లగా ఉండవచ్చు, కలగలుపుగానూ ఉండవచ్చు, అందుచేత రంగును బట్టి నేను తీర్పు చెప్పను. అంచులు కండరపు పొర లోపలే ఉన్నాయా, తలను మెల్లగా తిప్పినప్పుడు గడ్డ కండరంతో కలిసి జరుగుతోందా అన్నదాన్ని బట్టి చెబుతాను. ఈ రెండోది సీటీలో కనిపించదు, ఎందుకంటే అది కదలని బొమ్మ.

గడ్డ కండరపు పొర దాటి పక్క కణజాలంలోకి పాకినా, లోపల సున్నపు చుక్కలు కనిపించినా, రక్తనాళాలను తోసుకుంటూ ఉన్నా, చుట్టూ పెద్ద గ్రంథులు ఉన్నా అప్పుడు నేనే ఎమ్మారై అని రాస్తాను. అందులో రేడియేషన్ ఉండదు గాని, ఈ వయసులో కదలకుండా ఉంచడానికి సాధారణంగా మత్తు ఇవ్వవలసి వస్తుంది.

కృష్ణలంక_రవి
సీటీ విషయం ఇంకొంచెం వివరంగా రాస్తే బాగుంటుంది. నగరంలో అదే ముందు రాసే అలవాటు కొన్ని చోట్ల ఉంది.

స్కాన్_గది
పసివాడి మెడలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది, రేడియేషన్ ప్రభావానికి అది తొందరగా లోనవుతుంది. అల్ట్రాసౌండ్‌లో కండరపు గడ్డ అని స్పష్టంగా తేలిన తరువాత సీటీ కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు.

పాథాలజీ_పీజీ
సూదిని ఇక్కడ అందరూ దోషిని చేస్తున్నారు కాబట్టి దాని పక్షాన కూడా ఒకరు మాట్లాడాలి. సన్నని సూదితో కణాలు తీసి చూసినప్పుడు ఈ జబ్బుకు దాదాపు ప్రత్యేకమైన చిత్రం కనిపిస్తుంది: సాగిన ఆకారపు ఫైబ్రోబ్లాస్టులు (పీచు కణజాలాన్ని తయారుచేసే కణాలు), క్షీణిస్తున్న కండర తంతువులు, అనేక కేంద్రకాలు ఉన్న పెద్ద కండర కణాలు. క్యాన్సరులో కనిపించే విపరీతమైన కణ విభజన ఉండదు. స్కాన్ సందేహంగా వచ్చినప్పుడు, గడ్డ వయసుకు మించి పెరుగుతున్నప్పుడు, ఈ చిన్న పరీక్ష బిడ్డను కోసి ముక్క తీసే పెద్ద పరీక్ష నుంచి తప్పిస్తుంది. మా విభాగానికి వచ్చినవాటిలో కొన్ని నిజంగా అవసరమై పంపినవే.

గుంటూరు_పిల్లల_వైద్యం
అందులో నాకూ అభ్యంతరం లేదు. నా అభ్యంతరం వరుస గురించే. మూడు వారాలకు బయటపడిన గడ్డ, కండరంలోనే ఉంది, తల వాలింది, స్కాన్‌లో కదురులా కనిపించింది అంటే సూది దేనికి?

పాథాలజీ_పీజీ
అటువంటి బిడ్డకు అవసరం లేదు. ఒప్పుకుంటున్నాను.

బ్రాడీపేట_బాబాయ్
ఇద్దరు డాక్టర్లు ఒక మాట మీదికి రావడం ఈ వేదికలో ఇదే మొదటిసారి చూస్తున్నాను. తేదీ రాసి పెట్టుకోవాలి.

మంగళగిరి_శ్రీను
మా అమ్మాయికి కూడా మెడ పక్కన వాపు వస్తే ఇంటి దగ్గర అందరూ కండరపు గడ్డే అన్నారు. కాని అది మెత్తగా ఉండేది, వేలితో నొక్కితే లోపలికి అణిగేది, చీకటి గదిలో టార్చి పెడితే వెలుగు అవతలికి కనిపించేది. శోషరస నాళాల తిత్తి అని తేలింది. కాబట్టి మెడలో గడ్డ అనగానే "అదే తగ్గిపోతుంది" అని ఎవరైనా చెబితే నేను ముందు గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అని అడుగుతాను.

గుంటూరు_పిల్లల_వైద్యం
శ్రీను గారు మంచి విషయం గుర్తు చేశారు. మెడ నడిమధ్యలో ఉండి, మింగినప్పుడు, నాలుక చాచినప్పుడు పైకి కదిలితే అది థైరోగ్లాసల్ తిత్తి కావచ్చు. కండరపు ముందు అంచు దగ్గర మెత్తగా ఉండి, కొన్నిసార్లు చర్మం మీద చిన్న రంధ్రంతో నీరు కారితే అది బ్రాంకియల్ తిత్తి కావచ్చు. ఎరుపు, వేడి, జ్వరం ఉంటే చీము పట్టిన గ్రంథిని అనుమానించాలి.

వీటన్నిటికంటే ముఖ్యంగా తల్లిదండ్రులు గమనించవలసినవి వేరే ఉన్నాయి. గడ్డ ఉన్న వైపు కంటిరెప్ప వాలి, ఆ కంటి పాప చిన్నదిగా కనిపించినా, ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం వస్తున్నా, పాలు మింగలేకపోతున్నా, గడ్డ కొన్ని నెలల తరువాత కూడా పెరుగుతూనే ఉన్నా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. రెప్ప వాలడం, కంటి పాప చిన్నబడటం కలిసి వస్తే మెడలోని నరాల గొలుసు దగ్గర న్యూరోబ్లాస్టోమా అనే నరాల కణాల క్యాన్సరు వంటివి ఉన్నాయేమో చూడాలి. ఇవి అరుదు, కాని అరుదన్న కారణంతో చూడకుండా వదలము.

పటమట_సుధ
ఇవేవీ మా బాబుకు లేవు. కళ్లు రెండూ సమానంగానే ఉన్నాయి, ఇప్పుడే మళ్లీ వెలుతురులో చూశాను. రేపు ఉదయం స్కాన్‌కు వెళుతున్నాము.

నీళ్లు పోసే ఆవిడ విషయం కూడా ఎవరైనా తేల్చండి. ఆవిడ రెండు రోజులుగా మా గుమ్మం తొక్కడం లేదు.

కృష్ణలంక_రవి
పాపం, ఆవిడకు ముందు కబురు పంపండి.

గుంటూరు_పిల్లల_వైద్యం
నీళ్లు పోసినందువల్ల ఈ గడ్డ రాదు. కాన్పు సమయంలో కండరం చిట్లి రక్తం గడ్డకట్టి ఇలా అవుతుందని పూర్వం అనుకునేవారు, కాని పరీక్షించిన గడ్డల్లో పాత రక్తస్రావపు ఆనవాళ్లు సాధారణంగా కనబడలేదు. కడుపులో బిడ్డ మెడ ఒక వైపుకు వంగి ఇరుకున ఉండిపోవడం వల్ల ఆ కండరపు పొర లోపల ఒత్తిడి పెరిగి, రక్తప్రసరణ తగ్గి, తరువాత పీచు కణజాలం ఏర్పడుతుందన్న వివరణను 1993లో డేవిడ్స్, వెంగర్, ముబారక్ అనే వైద్యులు ప్రతిపాదించారు. పూర్తి కారణం ఇదేనని అందరూ ఒప్పుకున్నారని చెప్పను. ఆపరేషన్ చేసి తీసిన బిడ్డల్లో కూడా ఈ గడ్డ రావడానికి మాత్రం ఈ వివరణ బాగా సరిపోతుంది. అత్తగారికి వీలైతే ఈ పేరా చదివి వినిపించండి.

బ్రాడీపేట_బాబాయ్
అత్తగారికి పేరా చదివి వినిపించే ధైర్యం ఉన్న కోడలైతే ఈ వేదికకు వచ్చి అడిగేదే కాదు.

పటమట_సుధ
స్కాన్ అయింది. కుడి కండరం మధ్య, కింది భాగాల్లో 2.4 సెంటీమీటర్ల పొడవు, 1.2 సెంటీమీటర్ల మందం గల కదురు ఆకారపు ఉబ్బు ఉందని, అంచులు కండరం లోపలే ఉన్నాయని, తల తిప్పినప్పుడు కండరంతో కలిసి కదులుతోందని, సున్నం లేదని, పెద్ద గ్రంథులు లేవని రాశారు. చివర ఫైబ్రోమటోసిస్ కొలైకి అనుగుణంగా ఉందని ఉంది. సూది, సీటీ రెండూ ఆపేశాము. "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డు కింద ఒడిలో మగబిడ్డను పెట్టుకుని కూర్చుంటే పక్కావిడ నన్ను వింతగా చూసింది.

ఇక తగ్గేదాకా వేచి చూస్తే సరిపోతుందా?

కృష్ణలంక_రవి
శుభం. గడ్డ దానంతట అదే పోతుందని అందరూ చెప్పారు కాబట్టి ఇక హాయిగా ఉండవచ్చు.

తెనాలి_ఫిజియో
ఇక్కడ రవి గారితో నేను ఏకీభవించను. గడ్డ కరిగినా ఆ కండరం కురచగా మిగిలిపోయే అవకాశం ఉంది. గడ్డ కనిపించకుండా పోయింది కదా అని వదిలేసిన పిల్లల్లో తల వాలు అలాగే ఉండి, తల ఒక వైపు చదునై, పెరిగే కొద్దీ ముఖం రెండు వైపులా సమానంగా లేకుండా పోతుంది. హాంకాంగ్‌లో చెంగ్ బృందం 821 మంది పసివాళ్లను గమనించి 2001లో ప్రచురించిన ఫలితాల్లో, చేత్తో సాగదీసే వ్యాయామం చేయించిన తరువాత శస్త్రచికిత్స అవసరమైనది గడ్డ ఉన్నవారిలో 8 శాతం మందికి, గడ్డ లేకుండా కండరం బిగుసుకున్నవారిలో 3 శాతం మందికి మాత్రమే. అంత తక్కువమందికి కత్తి పడింది వ్యాయామం చేయించిన తరువాత అన్నది మరిచిపోవద్దు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

మీ బాబుకు కుడివైపు కాబట్టి ఎడమ చెవి ఎడమ భుజం వైపుకు వంచడం ఒకటి, గడ్డాన్ని కుడి భుజం వైపుకు తిప్పడం మరొకటి. ఒకరు భుజాలను కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు తలను మెల్లగా తిప్పి కాసేపు నిలపాలి. బిడ్డ ఎదురు తిరిగి ఏడుస్తుంటే బలవంతం చేయకూడదు. దీన్ని వీడియో చూసి నేర్చుకోవద్దు, ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర మీ చేతులతో చేసి చూపించి సరిచేయించుకోండి. మిగిలిన సమయంలో పాలు ఇచ్చేటప్పుడు, ఆడించేటప్పుడు అతను కుడివైపుకు తిరిగి చూసేటట్టు మీరు కూర్చోండి. మంచాన్ని గోడ ఎడమవైపున ఉండేటట్టు జరిపితే మనుషులను చూడటానికి అతనే కుడికి తిరుగుతాడు. మెలకువగా ఉన్నప్పుడు మీరు ఎదురుగా ఉండి బోర్లా పడుకోబెట్టండి, నిద్రలో మాత్రం వెల్లకిలే.

భవానీపురం_అమ్మమ్మ
ఆవాల దిండు పెడితే తల గుండ్రంగా వస్తుంది కదా, అది పెట్టవచ్చునా?

తెనాలి_ఫిజియో
నిద్రపోయే పసివాడి తల కింద ఏ దిండూ వద్దమ్మా. తల గుండ్రంగా రావాలంటే మెడ రెండు వైపులకూ తిరగాలి, ఆ పని దిండు చేయలేదు.

గుంటూరు_పిల్లల_వైద్యం
ఇంకొక విషయం ఎవరూ అనలేదు. ఈ గడ్డ ఉన్న పిల్లల్లో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఎదురుకాళ్లతో ఉండటం దానికి విడిగానే ఒక కారణం. నెలన్నర వయసు తుంటి అల్ట్రాసౌండ్‌కు తగిన సమయం. ఎముక ఇంకా గట్టిపడనందువల్ల ఈ వయసులో ఎక్స్‌రే అంతగా ఉపయోగపడదు. మెడ స్కాన్ రోజే అడిగి ఉంటే ఒకే ప్రయాణంతో అయిపోయేది.

పటమట_సుధ
తుంటి విషయం ఎవరూ చెప్పలేదు. సోమవారం చేయిస్తాను. ప్రభుత్వ ఆసుపత్రిలో దీనికి దారి ఉందా?

స్కాన్_గది
ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య ప్రభుత్వ పథకం కింద చూసే పుట్టుక లోపాల జాబితాలో తుంటి కీలు లోపం, వంకర పాదం ఉన్నాయి. మీ ఆరోగ్య కేంద్రంలో అడిగితే జిల్లాలో ఆ పథకం కోసం ఉన్న కేంద్రానికి రాసిస్తారు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో పిల్లల శస్త్రచికిత్స విభాగం కూడా ఉంది.

నరసరావుపేట_లక్ష్మి
ఈ చర్చ మొత్తం చదివాను. మా పాపకు పద్నాలుగు నెలలు. గడ్డ ఎప్పుడూ ఎవరికీ తగలలేదు, కాని తల ఎడమకు వాల్చే నడుస్తుంది. మెడను చేత్తో తిప్పితే రెండు వైపులా సులువుగా తిరుగుతుంది. ఇది కూడా అదేనా?

తెనాలి_ఫిజియో
చేత్తో తిప్పితే అడ్డు లేకుండా తిరిగే మెడకు కండరం కురచ అనడం కష్టం. నా దగ్గరకు అలా వచ్చిన పిల్లలను వ్యాయామం మొదలుపెట్టకుండా ముందు కంటి వైద్యుడి దగ్గరకు పంపుతాను.

గుంటూరు_పిల్లల_వైద్యం
అవును లక్ష్మి గారూ. కంటిని తిప్పే కండరాల్లో ఒకటి బలహీనంగా ఉంటే రెండు బొమ్మలు కనబడకుండా ఉండటానికి పిల్లలు తల వాలుస్తారు. ఒక కన్ను మూసినప్పుడు తల నిటారుగా వస్తుందేమో ఇంట్లోనే గమనించవచ్చు. మెడలోని వెన్నుపూసల్లో పుట్టుకతో వచ్చే అతుకులు ఉన్నప్పుడు కూడా తల వాలుతుంది, కాని అప్పుడు మెడ తిరగడం తగ్గుతుంది. నడక తూలుతున్నా, పొద్దున్నే వాంతులు అవుతున్నా కంటి వైద్యుడి కోసం ఆగకుండా ముందు పిల్లల వైద్యుడికి చూపించండి.

నరసరావుపేట_లక్ష్మి
వాంతులు, తూలడం లేవు. టీవీ చూసేటప్పుడు ఎడమ కన్ను అరచేత్తో మూసి చూశాను, తల నిటారుగా పెట్టింది. కంటి వైద్యుడి దగ్గర రేపటికి చీటీ తీసుకున్నాము.